బోర్డు మీద సున్నా పడిన రోజు

అబుదాబి ఎమిరేట్‌లోని రువైస్‌లో నేను ఆఖరుగా పనిచేసిన క్లినిక్ ఒక రేకుల క్యాబిన్. తలుపు తీస్తే బయట ఎదురుగా, ఆఫీసు గోడ మీద, ఒక పెద్ద బోర్డు కనిపించేది. తెల్లటి పలక మీద కొక్కేలు, వాటికి వేలాడే ఇనుప రేకులు, రేకుల మీద ఆకుపచ్చ అంకెలు. చమురు శుద్ధి ప్లాంటులో మా కాంట్రాక్టు కంపెనీ పనిచేసే సైట్లో ఎవరికీ దెబ్బ తగలకుండా ఎన్ని పనిగంటలు గడిచాయో ఆ అంకెలు చెప్పేవి. దెబ్బ తగిలి ఒక్క మనిషి మర్నాడు పనికి రాలేకపోయినా అంకెలన్నీ తీసేసి సున్నా తగిలించాలి. అదీ నియమం.

గల్ఫ్‌లో నర్సుగా చేరబోయే అమ్మాయిలు ఇప్పుడు కాకినాడలో మా ఇంటికి వస్తుంటారు. పరీక్షల గురించి, జీతాల గురించి, అక్కడి ఎండల గురించి అడుగుతారు. పరీక్షల సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. ఎండ సంగతి వెళ్ళాక తెలుస్తుంది. అందుకని నేను వాళ్ళకు ఆ బోర్డు గురించి చెబుతాను. అది నర్సింగ్ పాఠమో, బైబిలు పాఠమో నాకు ఇప్పటికీ తేలలేదు. విన్నవాళ్ళు తేల్చుకోవచ్చు.

ఆ బోర్డు పెట్టించింది మా ప్రాజెక్టు మేనేజర్ గారు. విజయవాడ వైపు మనిషి. చాలా ఏళ్ళ క్రితం వేరే దేశంలో, వేరే కంపెనీలో పనిచేస్తున్నప్పుడు ఆయన కళ్ళ ముందే ఒక కూలీ పైనుంచి పడి చనిపోయాడట. 'నా సైట్లో ఇంకో తల్లికి ఫోన్ చెయ్యాల్సిన పరిస్థితి రాకూడదు' అని ఆ రోజే అనుకున్నారట. కాబట్టి ఆ బోర్డు మంచి మనసులోంచి పుట్టిందే. ఈ మాట ముందే చెబుతున్నాను, తర్వాత జరిగింది విని ఆయన్ని దుర్మార్గుడనుకుంటారేమోనని.

ఆయన మా తెలుగు క్రైస్తవ సహవాసానికి పెద్ద కూడా. రువైస్ చర్చి ఆవరణలో మాకు ఒక చిన్న హాలు ఇచ్చేవారు. ఆదివారం సాయంత్రం అక్కడ కూడేవాళ్ళం. ఇంజనీర్ల కుటుంబాలు, మా లాంటి నర్సులు, వెల్డర్లు, డ్రైవర్లు, ఇళ్ళలో పనిచేసే అక్కలు. సైట్లో నేను ఆయన్ని 'సార్' అనేదాన్ని, హాల్లో 'బ్రదర్' అనేదాన్ని. ఆయన మాత్రం రెండు చోట్లా నన్ను 'సిస్టర్' అనే పిలిచేవారు. నర్సునైనా సిస్టరే, విశ్వాసురాలినైనా సిస్టరే. ఆయనకు ఆ సౌకర్యం ఉండేది.

సాక్ష్యాలు చెప్పే సమయం రాగానే ఆయన లేచేవారు. 'ఈ వారం కూడా మా బోర్డు ఆగలేదు. దేవుని హస్తం మా సైటు మీద ఉంది' అనేవారు. హాలంతా హల్లెలూయా అనేది. నేనూ అనేదాన్ని, మొదట్లో మనస్ఫూర్తిగానే. రోజూ ఉదయం పని మొదలయ్యే ముందు ఆయన బోర్డు దగ్గర ఆగి, కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, అప్పుడు ఆఫీసులోకి వెళ్ళేవారు. రేకుల మీద దుమ్ము ఉంటే జేబురుమాలు తీసి తుడిచేవారు.

కొంతకాలానికి నా క్లినిక్ ఖాళీ అయింది. దెబ్బలు తగ్గాయని సంతోషించాను. తర్వాత ఒకరోజు మెస్‌లో అన్నం దగ్గర చూస్తే ఒకతను వేలికి గుడ్డ చుట్టుకుని ఎడమచేత్తో తింటున్నాడు. ఇంకొకతను కుంటుతున్నాడు. అడిగితే 'ఏం లేదు సిస్టర్, కాలు బెణికింది' అన్నాడు. కూలీలు ఉండే క్యాంపు బయట బకాలాలో, అంటే మన కిరాణా కొట్టులో, ప్లాస్టర్లూ నొప్పి మాత్రలూ బాగా అమ్ముడవుతున్నాయని ఆ కొట్టు మలయాళీ ఆయన నవ్వుతూ నాతోనే చెప్పాడు. దెబ్బలు తగ్గలేదు. నా దగ్గరికి రావడం తగ్గింది. బోర్డు ఆపినవాడన్న పేరు ఎవరికీ అక్కర్లేదు.

ఈ సంగతి నేను మేనేజర్ గారితో అన్నాను. ఆయన బాధపడ్డారు గానీ నమ్మలేదు. 'సాతాను ఇలాంటి అనుమానాలే పుట్టిస్తాడు సిస్టర్' అన్నారు.

అనుమానం అన్న మాట ఆ రోజుల్లో నాకు ముల్లులా గుచ్చుకునేది. దానికి కారణం మా అక్క.

మాది కోనసీమ. అక్క మిషను కుట్టి నన్ను నర్సింగ్ చదివించింది. కోవిడ్ రెండో విడత వచ్చినప్పుడు ఆమె ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. నేను రువైస్‌లో క్యాంపు కూలీల ముక్కుల్లోంచి నమూనాలు తీస్తూ ఉన్నాను. వెళితే తిరిగి వచ్చే విమానాలు లేవు. మా సహవాసమంతా ఫోన్లలో కలుసుకుని ఉపవాసముండి ప్రార్థన చేసింది. వీడియో కాల్‌లో అక్కతో 'నువ్వు లేచి వస్తావు, నాకు ప్రభువు చెప్పాడు' అన్నాను. నాకు ఆయన నిజంగా చెప్పాడనే అనుకున్నాను. అక్క లేచి రాలేదు.

మేనేజర్ గారూ ఆయన భార్యా అన్నం వండుకుని నా గదికి వచ్చారు. ఆయన నాతోపాటు ఏడ్చారు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, 'మన విశ్వాసం ఇంకొంచెం గట్టిగా ఉండాల్సింది సిస్టర్' అన్నారు. 'మన' అన్నారు, 'మీ' అనలేదు. అయినా ఆ మాట నాలో దిగిపోయింది. ఆ తర్వాత పాటలు పాడేదాన్ని, వాక్యం వినేదాన్ని, కానీ పైకి ప్రార్థన చేయడం నావల్ల కాలేదు. నా వంతు వస్తే, నా బదులు చెయ్యమని పక్కామె మోచేయి తట్టేదాన్ని. దేవుడు లేడని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఉన్నాడు, కానీ ఆయనతో ఏం మాట్లాడాలో తెలియడం లేదు. గొడవపడి మాటలు మానేసిన ఇద్దరు మనుషులు ఒకే ఇంట్లో తిరుగుతున్నట్టుండేది.

షార్జా అల్ నహ్దాలో ఉండే మా వారితో ఫోన్లో ఇదే చెబితే, 'నీకు దేవుడంటే కోపం ఉందంటే ఇంకా బంధం ఉన్నట్టే' అన్నారు. ఆయన చర్చికి పండగలకే వచ్చే మనిషి. అయినా ఆ మాట బాగుందనిపించింది.

కోవిడ్ ఆంక్షలన్నీ సడలాక వచ్చిన చలికాలంలో మాకు షట్‌డౌన్ పని వచ్చింది. షట్‌డౌన్ అంటే ప్లాంటు మొత్తం ఆపేసి, లోపలి భాగాలు విప్పి, శుభ్రం చేసి, బాగుచేసి మళ్ళీ నడిపించడం. ఆ కొద్ది వారాల్లో సైట్లోకి రెట్టింపు మనుషులు దిగుతారు. అందరికీ తొందరే. 'యల్లా యల్లా' తప్ప ఇంకో మాట వినపడదు. ఆ పని ముగింపులో మా బోర్డుకు ఒక పెద్ద గుర్తింపు రావాల్సి ఉంది. ప్లాంటు సొంతదారు కంపెనీ పెద్దలు స్వయంగా వచ్చి, ప్రమాదం లేని సైటుగా బహుమతి ఇస్తారు. అది వస్తే తర్వాతి కాంట్రాక్టు కూడా మనదేనని ఆఫీసులో చెప్పుకునేవారు. షామియానా వేశారు, ఎర్ర తివాచీ తెచ్చారు. బోర్డుకు పూలదండ లాంటిది ఒకటి ప్లాస్టిక్‌తో చేయించి తగిలించారు. నేను దాన్ని చూసి ఏదో అనబోయి ఊరుకున్నాను.

నేను ఊరుకోవడానికి ఒక కారణం ఉంది. కొన్ని నెలల ముందు ఒక డ్రైవరు ఛాతీ పట్టుకుని వచ్చాడు. చెమటలు, ఆయాసం. గుండెపోటని అంబులెన్సు పిలిపించాను. సైరన్ మోగుతూ వచ్చింది, సైటంతా పని ఆపి చూసింది. ఆసుపత్రిలో తేల్చిందేమిటంటే, అతను ముందురోజు క్యాంపులో మిర్చి బజ్జీలు అదుపు లేకుండా తిన్నాడు. ఆ నెలంతా నా పేరు 'గ్యాస్ సిస్టర్'. వంటాయన ఎదురుపడితే 'బజ్జీలు మానెయ్యమంటారా మేడమ్' అని అడిగేవాడు. మేనేజర్ గారు కోప్పడలేదు గానీ, ఇకమీద అంబులెన్సు పిలిచే ముందు తనకు ఒక మాట చెప్పమన్నారు.

బహుమతి ఇచ్చేవాళ్ళు రావడానికి ముందు రోజు. పొద్దుటి మంచు విడిపోయి ఎండ పడుతోంది. ఫోర్‌మెన్ ఒకతన్ని భుజం పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చాడు. ఇద్దరిదీ జగిత్యాల వైపే. వచ్చినతను ఇనుప పైపులతో పరంజా కట్టే మనిషి. ముప్పై దాటి ఉండవు, నవ్వు ముఖం.

'ఏం గాలేదు సిస్టర్,' అన్నాడు లోపలికి వస్తూనే. 'జర పైపు తాకింది. అన్న ఊకెనే తోల్కొచ్చిండు.'

'జర కాదు సిస్టర్, గట్టిగనే తాకింది,' అన్నాడు ఫోర్‌మెన్. 'పైకెల్లి తాడుతోని పైపు దించుతుంటె అది ఊగి ఈని డొక్కల తన్నింది. కిందికెల్లి నేను సూస్తనే ఉన్న. గప్పుడు కూలబడ్డడు, ఇప్పుడు నవ్వుతుండు.' ఆ మాట అంటూనే అతను కిటికీలోంచి బోర్డు వైపు ఒకసారి చూశాడు. 'తోల్కరావద్దనే అనుకున్న. గని మనసొప్పలే.'

ఆ మనసొప్పకపోవడమే ఆ రోజు జరిగిన మొదటి మేలు.

దెబ్బ తగిలినతను హెల్మెట్ తీసి బోర్లించకుండా బల్ల మీద పెట్టాడు. లోపల కొండగట్టు అంజన్న బొమ్మ అంటించి ఉంది. చొక్కా ఎత్తి చూశాను. ఎడమవైపు పక్కటెముకల కింద ఎర్రగా కమిలింది. పెద్ద వాపు లేదు. రక్తపోటు బాగానే ఉంది. నాడి కొంచెం వేగంగా ఉంది, భయానికి కూడా అలా ఉండొచ్చు.

'ఎక్కడ నొప్పి?'

'డొక్కల కొద్దిగ. గని ఈ భుజం ఎందుకో గుంజుతుంది సిస్టర్.' ఎడమ భుజం కొస మీద చెయ్యి పెట్టాడు.

'భుజానికి కూడా తగిలిందా?'

'ఆడ తాకనే లేదు. గదే సమజైతలేదు.'

పడుకోమన్నాను. పడుకోగానే భుజం నొప్పి ఎక్కువైందని లేచి కూర్చున్నాడు. కడుపులో ఎడమవైపు ప్లీహం ఉంటుంది. అది చిట్లి లోపల రక్తం కారితే, ఆ నొప్పి ఒక్కోసారి భుజంలో తెలుస్తుంది. పైకి మనిషి బాగానే ఉంటాడు, మాట్లాడతాడు, టీ అడుగుతాడు. తర్వాత ఒక్కసారిగా పడిపోతాడు. నర్సింగ్ చదివిన రోజుల్లో విన్నదే తప్ప అప్పటిదాకా ఎప్పుడూ చూడలేదు.

మా డాక్టరు గారు ఆ రోజు దూరంగా ఇంకో క్యాంపులో ఉన్నారు. సూడాన్ దేశస్థుడు, పెద్దాయన. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఇంగ్లీషులో మెల్లగా అన్నారు: 'నేను అతన్ని చూడటం లేదు. నువ్వు చూస్తున్నావు. నువ్వేం అనుకుంటున్నావు?'

'లోపల రక్తం కారుతోందని భయంగా ఉంది డాక్టర్. గ్యాసే కూడా కావొచ్చు,' అన్నాను. మిర్చి బజ్జీలు నన్ను ఇంకా వదల్లేదు.

'అనుమానం ఉందా?'

'ఉంది.'

'అయితే పంపించు. అనుమానం ఉన్నప్పుడు పంపించడానికే కదా నువ్వక్కడ ఉంది,' అన్నారు.

అనుమానాన్ని ఎవరో ఒకరు మంచి మాటగా వాడటం చాలాకాలం తర్వాత విన్నాను.

మేనేజర్ గారికి చెప్పాలి కదా. చెప్పాను. ఆయన పరిగెత్తుకుంటూ వచ్చారు. లోపలికి రాగానే తలుపు మూశారు. ఫోర్‌మెన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మేనేజర్ గారు ముందుగా అతన్నే అడిగారు, 'ఎలా ఉంది బాబూ?' అని. ఆ గొంతులో నటన లేదు.

'మంచిగనే ఉంది సార్,' అన్నాడతను, అలవాటుగా.

ఆయన ముఖంలోకి ప్రాణం వచ్చింది. నా వైపు తిరిగారు. 'సిస్టర్, ఒక్క నిమిషం ఆలోచించండి. అతను నడిచి వచ్చాడు. బీపీ బాగుంది. నొప్పి మాత్ర ఇచ్చి క్యాంపులో పడుకోబెడదాం. రేపు కార్యక్రమం అవగానే నేనే నా కారులో ఆసుపత్రికి తీసుకెళతాను. నేనే.'

'రేపటిదాకా ఆగే నొప్పి కాకపోతే సార్?'

'పోయినసారి కూడా మీరు ఇలాగే అన్నారు.'

నిజంగానే అన్నాను.

ఆయన గొంతు తగ్గించారు. 'ఇది నా పేరు కోసం కాదు సిస్టర్, మీకు తెలుసు. ఇన్నాళ్ళు దేవుడు కాపాడుకుంటూ వచ్చిన సాక్ష్యం ఇది. ఆఖరి రోజున ఇలా జరగనిస్తాడా ఆయన? ఇది పరీక్ష. మనకు కావలసింది విశ్వాసం. ప్రార్థన చేద్దాం.'

అని మంచం దగ్గరికి వెళ్ళి, అతని తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. అతను ఫోర్‌మెన్ వైపు చూసి, తనూ మర్యాదగా చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. ఫోర్‌మెనూ కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థన మొదలైంది. చక్కటి ప్రార్థన. ఆయనకు మాటలు ఎప్పుడూ వెతుక్కోవాల్సిన పని లేదు. 'ప్రభువా, నీ నామమునకు అవమానము రాకుండా, ఈ సైటు మీద నీవుంచిన ఆశీర్వాదము ఆగిపోకుండా' అంటూ సాగుతోంది. నేను అతని మణికట్టు పట్టుకుని నిలబడ్డాను. వేళ్ళ కింద నాడి మొదటికంటే వేగంగా కొట్టుకుంటోంది. సన్నబడుతోంది. అరచేయి చెమటతో జారుతోంది.

ఆ ప్రార్థనలో అతని పేరు లేదు. అతని తల్లి లేదు, భార్య లేదు, భుజం నొప్పి లేదు. బోర్డు ఉంది. అది నాకు ఎవరో చెవిలో చెప్పినట్టు వినపడింది. కళ్ళు మూసుకున్న ఆ ముగ్గురి మధ్య నేనొక్కదాన్నే కళ్ళు తెరుచుకుని ఉన్నాను. అక్క పోయిన తర్వాత దేవుడు నాతో ఏమైనా మాట్లాడాడంటే అది ఆ క్షణంలోనే. మాటల్లో కాదు, వేళ్ళ కింద.

అతనే ముందు మాట్లాడాడు, కళ్ళు మూసుకునే. 'సార్, దండం పెట్టుకోమంటె పెట్టుకుంట గని, నాకు కండ్లు తిరుగుతున్నయ్.'

మేనేజర్ గారు ఆమెన్ అనకముందే నేను ఫోన్ తీసి అంబులెన్సుకు చేశాను.

'సిస్టర్, ఒక్కసారి పిలిస్తే ఇక వెనక్కి తీసుకోలేం,' అన్నారాయన.

'అందుకే పిలిచాను సార్.'

నా గొంతు అంత స్థిరంగా వస్తుందని నేను అనుకోలేదు. ఆయన ఇంకేదో అనబోయి మంచం వైపు చూశారు. అతని ముఖం బూడిద రంగుకు తిరిగింది. పెదవులు తెల్లబడ్డాయి. కాళ్ళ కింద దిండ్లు పెట్టి, సెలైన్ కోసం సూది గుచ్చుతున్నాను. ఫోర్‌మెన్ అతని చెంప తడుతూ 'ఏయ్ తమ్మీ, నా దిక్కు సూడు, పండుకోకు' అంటున్నాడు. మేనేజర్ గారు కొంతసేపు అలాగే నిలబడిపోయారు. ఏం చూశారో, ఏళ్ళ క్రితం కింద పడినవాణ్ణి చూశారేమో, నేను అడగలేదు. ఒక్కసారిగా కోటు విప్పి మంచం మీద పడేసి, సెలైన్ సీసా నా చేతిలోంచి తీసుకుని పైకెత్తి పట్టుకున్నారు. అంబులెన్సు వచ్చేదాకా ఆ చెయ్యి దించలేదు. స్ట్రెచర్ ఒక కొస ఆయనే పట్టారు. షామియానా పక్కనుంచి, ఎర్ర తివాచీ మీదుగానే తీసుకెళ్ళాం, దగ్గరి దారి అదే కాబట్టి. సైటంతా నిలబడి చూసింది. ఆయన ఎవరివైపూ చూడలేదు. అంబులెన్సులోకి నాతోపాటు ఎక్కారు.

ఆసుపత్రిలో స్కాన్ తీసిన వెంటనే అతన్ని ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు. ప్లీహం చిట్లింది, కడుపు రక్తంతో నిండింది. బయట కుర్చీల్లో మేమిద్దరం కూర్చున్నాం. ఆయన నేల చూస్తూ అడిగారు, 'అతని పేరేంటి సిస్టర్?'

చెప్పాను. ఆయన ఆ పేరును మెల్లగా రెండుసార్లు అనుకున్నారు. అప్పుడు కళ్ళు మూసుకున్నారు. ఈసారి పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు.

మధ్యాహ్నం దాటాక సర్జన్ బయటికి వచ్చి మాస్కు దించి నవ్వారు. 'వేళకు తెచ్చారు. బతుకుతాడు,' అన్నారు. మేనేజర్ గారు ఆ సర్జన్ చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు. సర్జనే మర్యాదగా విడిపించుకోవాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్న పని మొదలయ్యే ముందు మామూలుగానే అందరూ షామియానా ముందు వరుసల్లో నిలబడ్డారు. తెలుగువాళ్ళు, బీహారీలు, పాకిస్తానీలు, నేపాలీలు. బోర్డు సంగతి ఏమవుతుందోనని గుసగుసలు. సొంతదారు కంపెనీ పెద్దలు అప్పటికే వచ్చేశారు. వాళ్ళలో ముఖ్యుడు కందూరా అనే తెల్లటి పొడవాటి అంగీ వేసుకున్న, ఆ దేశపు ఎమరాతీ పెద్దమనిషి. మేనేజర్ గారు కింది మనిషిని పిలవలేదు. తనే స్టూలు తెచ్చుకుని ఎక్కారు. ముందు ప్లాస్టిక్ దండ తీసేశారు. తర్వాత రేకులు ఒక్కొక్కటే కొక్కెం నుంచి తీసి చంకలో పెట్టుకున్నారు. వందలమంది ఉన్న చోట ఆ ఇనుప రేకుల చప్పుడొక్కటే వినపడింది. చివర్లో సున్నా తగిలించి, స్టూలు మీదే నిలబడి హిందీలో మాట్లాడారు.

'నిన్న మనవాడొకడికి దెబ్బ తగిలింది. బతికున్నాడు. ఈ సున్నా అందుకే. ఇకమీద ఎవరికి చిన్న గీత పడినా క్లినిక్‌కు వెళ్ళండి. బోర్డు నేను చూసుకుంటాను. మీరు మిమ్మల్ని చూసుకోండి.'

వెనక వరుసలో ఫోర్‌మెన్ చప్పట్లు మొదలుపెట్టాడు. పక్కవాళ్ళు అందుకున్నారు. చూస్తుండగానే సైటు సైటంతా చప్పట్లు. హెల్మెట్లు తీసి వాటి మీద కొట్టినవాళ్ళున్నారు. అంత పెద్ద అంకెలకు ఏనాడూ రాని చప్పట్లు ఆ సున్నాకు వచ్చాయి. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

ఎమరాతీ పెద్దాయన ముందుకొచ్చి 'అల్‌హందులిల్లాహ్, మనిషి దక్కాడు కదా' అన్నారు. బహుమతి ఇవ్వలేమని, నియమం నియమమేనని చెప్పారు. తర్వాత క్లినిక్ ఎక్కడుందని అడిగి, లోపలికి వచ్చి, నా చిన్న గదంతా చూసి, 'దీనికి పెద్ద గది కావాలి' అని మా మేనేజర్‌తో అన్నారు. మాకు కాంట్రాక్టు పోలేదు. మా ఉద్యోగాలూ పోలేదు. పెద్ద గది మాత్రం నిజంగానే వచ్చింది, రెండో మంచంతో సహా. అవసరమూ పడింది, ఎందుకంటే ఆ వారం నుంచే నా తలుపు ముందు వరుస కట్టారు. గుచ్చుకున్న వేళ్ళు, బెణికిన కాళ్ళు, ఎన్నాళ్ళ నుంచో దాచిపెట్టుకున్న పుండ్లు. ఒళ్ళు హూనమైపోయేది. అంత ఆనందంగా ఎప్పుడూ పనిచేయలేదు.

తర్వాతి ఆదివారం సహవాసంలో వాక్యం చెప్పే వంతు మేనేజర్ గారిది. పుల్పిట్ దగ్గర నిలబడి బైబిలు తెరిచారు. అప్పుడు మోషే చేసిన ఇత్తడి సర్పం సంగతి చెప్పారు. అరణ్యంలో పాములు కరిచి జనం చచ్చిపోతుంటే దేవుడే దాన్ని చేయించాడు. దాన్ని చూసినవాళ్ళు బతికారు. తరాలు గడిచేసరికి ఆ ప్రజలే దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు. చివరికి హిజ్కియా రాజు వచ్చి దాన్ని ముక్కలు చేశాడు.

'అది చెడ్డ వస్తువు కాదు,' అన్నారాయన. 'ప్రాణాలు కాపాడటానికి వచ్చిందే. అందుకే అది విగ్రహమైపోయిందని ఎవరికీ తెలియలేదు. ఆ కుర్రవాడి హెల్మెట్‌లో బొమ్మ చూసి, పాపం వీడికి నిజమైన దేవుడు తెలియదే అనుకున్నాను. అప్పుడు నేను దేనికి మొక్కుతున్నానో నాకే తెలియదు. ఒక మనిషి నా చేతి కింద చచ్చిపోతుంటే నేను రేకుల కోసం ప్రార్థన చేశాను.' ఆయన నా వైపు తిరిగారు. 'ఇంకో మాట. మన సిస్టర్ వాళ్ళ అక్కగారు పోయినప్పుడు నేనొక మాట అన్నాను. విశ్వాసం చాలలేదని. అది తప్పు మాట. సిస్టర్, నన్ను క్షమించండి.'

అందరి ముందు అలా అడుగుతారని నేను ఊహించలేదు. తల ఊపాను. కానీ కూర్చున్నచోటే నాకొకటి అర్థమైంది. ఆయన బోర్డు గోడ మీద ఉంది, నాది మనసులో ఉంది. అడిగింది ఇస్తేనే దేవుడు, ఇవ్వకపోతే మాటల్లేవు. నేను ఇన్నాళ్ళూ అలిగింది అలాంటి దేవుడి మీద. అతను అసలు దేవుడే కాడు, నేను చేసుకున్న బొమ్మ. అసలాయన అక్క మంచం దగ్గర కూడా ఉన్నాడు. ఎందుకు లేపలేదో నాకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. అయినా నా వేళ్ళను వదిలిపెట్టలేదు.

అమ్మాయిలూ, మీ తరానికి బోర్డులు గోడల మీద ఉండవు. ఫోన్లలో ఉంటాయి, ర్యాంకుల్లో ఉంటాయి, వీసాలో ఉంటాయి, 'మా చర్చి ఎంత పెరిగిందో చూడు' అనే మాటలో కూడా ఉంటాయి. అన్నీ మంచివే. అందుకే జాగ్రత్త. ఏది పోతుందన్న భయంతో పక్కనున్న మనిషి ముఖం చూడటం మానేశారో, అది మీ బోర్డు. మీలో అనుమానం పుడితే సిగ్గుపడకండి. నా అనుమానమే ఆ రోజు ఒక మనిషిని బతికించింది.

ఆ ఆదివారం వాక్యం ముగించాక మేనేజర్ గారు ఎప్పటిలా తనే ప్రార్థన చేయలేదు. 'సిస్టర్, మీరు చేస్తారా?' అని అడిగారు. పక్కామె అలవాటుగా తన మోచేయి నా వైపు జరిపింది, తట్టమన్నట్టు. నేను తట్టలేదు. లేచి నిలబడ్డాను.

'ప్రభువా, నాకు తెలియనివి చాలా ఉన్నాయి,' అని మొదలుపెట్టాను. ఆసుపత్రిలో ఉన్న అతని పేరు చెప్పాను. జగిత్యాల వైపు ఊళ్ళో ఉన్న అతని తల్లి గురించి, భార్య గురించి చెప్పాను. ఫోర్‌మెన్ గురించి చెప్పాను. సూడాన్ డాక్టరు గారి గురించి చెప్పాను. అక్క పేరు చెప్పాను. మాటలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. అంత పొడుగు ప్రార్థన నేను జీవితంలో ఎప్పుడూ చేయలేదు. పిల్లలు అటూ ఇటూ కదిలారు, ఎవరో దగ్గారు, అయినా ఎవరూ నన్ను ఆపలేదు. చివరికి నేను ఆగినప్పుడు హాలంతా కలిసి ఆమెన్ అంది.